కలానికీ కల్లానికీ నడుమ ఒక లకారం

తెలుగు బడిలో అక్షరాలు దిద్దిన ప్రతివారికీ ద్విత్వాక్షరం అంటే ఏమిటో తెలుసు. హల్లు కింద అదే హల్లు ఒత్తుగా నిలిస్తే ద్విత్వం. వేరొక హల్లు నిలిస్తే సంయుక్తం. పత్తిలో తకారానికి తకారమే ఒత్తు. మిర్చిలో రేఫకు చకారం తోడు. మా గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మీద పండే రెండు పంటలూ ఈ రెండు పాఠాలకూ ఉదాహరణలై నిలిచినవి కాబట్టి, నా ఉద్యోగకాలమంతటా వేరే ఉదాహరణలు వెదుకుకొనే శ్రమ నాకు కలుగలేదు.

ఈ టపా కూడా ద్విత్వాన్ని గురించినదే. అయితే ఈసారి వ్యాకరణం చూపుతో పాటు కంప్యూటరు చూపుతోనూ దానిని పరికించాలని నా కోరిక. ఒకసారి వచ్చిన అక్షరం మళ్ళీ వచ్చిందా లేదా అని కనిపెట్టడం మనకు కంటితో అయ్యే పని. యంత్రానికి ఆ పని ఎట్లా చెప్పాలి? చెప్పిన తరువాత అది ఏమి పట్టుకొంటుంది, ఏమి జారవిడుస్తుంది? వ్యాకరణం చదువుకొన్నవారికి ఇందులో మంచి వినోదం ఉన్నది. కొంత భయం కూడా ఉన్నది.

ప్రోగ్రాములు వ్రాసేవారు 'రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్' అని పిలిచే సాధనమొకటి కలదు. పోలికను పట్టి వెదికే సూత్రం గనుక నేను దానిని 'పోలికసూత్రం' అని పిలుచుకొంటున్నాను. ఇంతకంటె మంచి మాట ఎవరికైనా తోస్తే సంతోషంగా స్వీకరిస్తాను. మామూలు వెదుకులాటలో మనమొక మాట ఇస్తాము. యంత్రం ఆ మాటనే వెదికి తెస్తుంది. పోలికసూత్రంలో మాటను ఇవ్వము, మాట యొక్క ఆకారాన్ని ఇస్తాము. చిన్నయసూరి తన బాలవ్యాకరణంలో సంధి జరిగే మాటలన్నింటినీ పట్టిక వేయలేదు గదా! ఏది ముందుండాలి, ఏది పరమైతే ఏమవుతుంది అన్నది మాత్రమే చెప్పి ఊరుకొన్నాడు. ఇదీ అటువంటిదే.

దీని సంకేతాలు కొన్నిటిని చెప్పుకొందాము. చుక్క ( . ) అంటే ఏదో ఒక అక్షరం. నక్షత్రం ( * ) అంటే దాని ముందున్నది అసలు రాకపోవచ్చు, ఎన్నిసార్లైనా రావచ్చు. కూడిక గుర్తు ( + ) అంటే కనీసం ఒకసారి రావాలి. ప్రశ్నార్థకం ( ? ) అంటే ఉండవచ్చు, లేకపోవచ్చు. చదరపు కుండలీకరణాలలో [క-హ] అని వ్రాస్తే కకారం మొదలు హకారం వరకు ఏదో ఒక హల్లు. గుండ్రని కుండలీకరణాలలో వ్రాసినదాన్ని యంత్రం గుర్తుంచుకొంటుంది. ఆ తరువాత \1 అని వ్రాస్తే, 'మొదట గుర్తుంచుకొన్నదే మళ్ళీ రావాలి' అని అర్థం. ఈ చివరిదే మన కథానాయకుడు.

ఆ నక్షత్రానికి క్లీనీ నక్షత్రమని పేరు. స్టీఫెన్ క్లీనీ అనే అమెరికా తర్కశాస్త్రవేత్త, నాడీకణాల అల్లికల నమూనాలను వర్ణించడానికి ఇటువంటి సంకేతాలను కల్పించి 1956లో ప్రకటించాడు. వాటిని పాఠంలో వెదుకులాటకు అనువుగా మలచే పద్ధతిని కెన్ థాంప్సన్ 1968లో ప్రకటించాడు. యూనిక్స్ వాడినవారికి తెలిసిన 'గ్రెప్' అనే పనిముట్టు కూడా ఆయనదే. అయితే క్లీనీ సంకేతాలలో జ్ఞాపకం లేదు. 'ఇందాక వచ్చినదే మళ్ళీ' అని చెప్పే \1 తరువాత వచ్చి చేరినది. శాస్త్రం పట్టినవారు ఇది చేరాక అసలు లక్షణానికి భంగం కలిగిందంటారు. నిజమే. కాని మన భాషలో పునరుక్తి లేకుండా ఏ పని జరుగుతుంది చెప్పండి?

ఇక నాకీ సాధనంతో పనిపడిన కారణం. నాతో కలిసి చాలాకాలం పనిచేసిన లెక్కల మాస్టారొకరు, బడికి సెలవు వస్తే చేలగట్ల మీదనే ఉండేవారు. రైతులు, కూలీలు వాడే సేద్యపు మాటలను పదకొండు నోటుపుస్తకాలలో కూర్చారు. ప్రతి మాట ప్రక్కనా ఏ ఊరిలో విన్నారో వ్రాసికొన్నారు. ఆయన గతించిన తరువాత, సంవత్సరీకం నాటికి వాటిని పుస్తకంగా తేవాలని వారి అమ్మాయి సంకల్పించింది. "బాబాయిగారూ, నాన్న వ్రాసినట్టే రావాలి. ఒక్క మాట కూడా మారకూడదు" అని ఆ పిల్ల నాకు పని అప్పగించింది.

నోటుపుస్తకాలలో మూడు అప్పటికే చెదలపాలైనవి. అదృష్టవశాత్తు మాస్టారు తాము ఉండగానే అన్నింటినీ ఒకచోట టైపు చేయించి ఉంచారు. కాని ఆ టైపు యూనికోడుకు ముందు కాలపు ఖతులలో జరిగింది. ఆ ఫైలును యూనికోడులోకి మార్చగా వచ్చినది చూస్తే కడుపు తరుక్కుపోయింది. కొన్ని గుణింతపు గుర్తులు రెండేసి పడ్డాయి. కొన్ని మాటలు జంటలు కట్టాయి. కొన్నిచోట్ల ఒత్తు వెళ్ళి గుణింతం వెనుక కూర్చొన్నది. కొన్ని పుటలలో ఒత్తులే రాలిపోయాయి. చెదలు తిన్న మూడు పుస్తకాలకూ ఈ ఫైలు తప్ప వేరే సాక్ష్యం లేదు.

ముద్రణ పని చూసే యువకుడు, "ఇదెంత పని మాస్టారూ! రెండుసార్లు పడినవన్నీ ఒక్క దెబ్బతో ఒకటి చేసేస్తాను" అన్నాడు. ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో ఇక్కడ వివరిస్తాను. మీలో ఎవరికైనా పాత ఫైళ్ళు ఉంటే పనికివస్తుంది.

ఆ అబ్బాయి వ్రాయబోయిన సూత్రం ఇది:

(.)\1

ఏదో ఒక అక్షరం, వెంటనే మళ్ళీ అదే. చూడటానికి ద్విత్వలక్షణం లాగే ఉన్నది. దీనితో 'పత్తి'ని వెదికితే దొరకదు! ఎందుకంటే యంత్రానికి పత్తి రెండక్షరాల మాట కాదు. ప, త, పొల్లు, త, గుడి అని ఐదు గుర్తుల వరుస. రెండు తకారాల నడుమ పొల్లు అడ్డున్నది. యూనికోడులో తెలుగుకు 3072 మొదలు 3199 వరకు 128 గదులు కేటాయించారు. అందులో కకారం సంఖ్య 3093, పొల్లు సంఖ్య 3149. తొలినాళ్ళ బ్లాగులలో వ్యాఖ్యలు చెడిపోయి &#3093; వంటి అంకెల వానగా కురిసిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ అంకెలే యంత్రం చూసే అక్షరాలు.

పొల్లు అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. వ్యాకరణంలో అచ్చు లేని హల్లు పొల్లు. సేద్యంలో గింజ లేని పొట్టు పొల్లు. కల్లంలో తూర్పార పట్టినప్పుడు గాలికి పోయేది అదే. పనికిరానిదని మనం పేరు పెట్టిన ఆ గుర్తే యూనికోడులో రెండు హల్లులను కలిపి ఒత్తును నిలబెడుతున్నది. దానిని ఊదేస్తే ద్విత్వమూ లేదు, సంయుక్తమూ లేదు.

పత్తిని పట్టలేని ఆ సూత్రం 'పప్పు'ను మాత్రం పట్టుకొంటుంది. అదీ తప్పుడు కారణంతో! పప్పులో మొదటి పకారం, ఒత్తుకు పైనున్న రెండవ పకారం పక్కపక్కన ఉన్నాయి. అసలు ద్విత్వం వాటి తరువాత కదా ఉన్నది. 'పిల్లలు'లో ల్ల చివరి లకారం, లు ముందరి లకారం ఆనుకొని ఉన్నవి కాబట్టి వాటినీ పట్టుకొంటుంది. ఒకటి చేసేయమంటే పిల్లలు 'పిల్లు' అవుతారు. మమత 'మత' మవుతుంది. లలితకు తల తెగి 'లిత' మిగులుతుంది. పప్పుకు ముందరి పకారం పోయి 'ప్పు' అన్న వింత రూపం నిలుస్తుంది. ఆ అబ్బాయికి ఈ నాలుగూ చేసి చూపగానే కుర్చీ వెనక్కు జరిపి, "మీరే చెప్పండి మాస్టారూ" అన్నాడు.

ద్విత్వాన్ని సరిగా పట్టే సూత్రం ఇది:

([క-హ])్\1

హల్లు, దాని వెంట పొల్లు, ఆ వెంట అదే హల్లు. నడుమ పొల్లు ఆధారం లేక చుక్కల వలయం మీద నిలిచినట్లు కనబడవచ్చు, కంగారు పడకండి. దీనితో పత్తి, విత్తు, గొర్రు, కల్లం, టిక్కీ అన్నీ దొరుకుతాయి. హల్లులన్నింటికీ క్క, గ్గ, చ్చ అని విడివిడిగా పట్టిక వ్రాసే పని లేకుండా ఒక్క \1 సరిపోయింది. సూత్రానికి ఉండవలసిన లాఘవం ఇదే గదా.

అయితే ఇది జారవిడిచేవీ ఉన్నాయి. 'బుద్ధి', 'సిద్ధి', 'స్వచ్ఛం' దీనికి చిక్కవు. ఒత్తక్షరం జమిలి అయ్యేటప్పుడు ముందరిది ఒత్తు పోగొట్టుకొని అల్పప్రాణమవుతుంది. ద కింద ధ, చ కింద ఛ. చెవికి అది జంట, యంత్రానికి రెండు వేరు సంఖ్యలు. అట్లాగే 'పెళ్ళి' దొరుకుతుంది, 'పెళ్లి' దొరకదు. ళకారం కింద ళ-ఒత్తు వ్రాయాలా, ల-ఒత్తు వ్రాయాలా అన్న పాత వాదం ఇక్కడ మళ్ళీ తలెత్తుతుంది. రెండూ కావాలంటే ళ్[లళ] అని అడగాలి.

మిరపకాయలు ఎండబోసే స్థలాన్ని మాస్టారు తమ పుస్తకాలలో మూడు విధాల వ్రాశారు: కల్లం, కళ్ళం, కళ్లం. కోసిన కాయను అక్కడ పరచి ఎండనిచ్చి, తాలుకాయ ఏరి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు తోలుతారు. ఆ మాట ఈ ప్రాంతంలో అన్నంతో సమానం. "మూడింటినీ ఒకటి చేద్దామా?" అని అబ్బాయి అడిగాడు. వద్దన్నాను. మాట పక్కన ఊరి పేరున్నది. ఏ ఊరిలో లకారం వినబడిందో, ఏ ఊరిలో ళకారం వినబడిందో ఆయన చెవి పట్టి వ్రాసిన సాక్ష్యమది. చక్కబెట్టడం వేరు, చదును చేయడం వేరు.

అదే విధంగా మా సీమ కవి ఎఱ్ఱన పేరు. అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డికి హరివంశాన్ని అంకితమిచ్చిన ఈ మహాకవి పేరును కొందరు బండిఱాతో, కొందరు మామూలు రేఫతో వ్రాస్తారు. ఎ([రఱ])్\1 అని వెదికితే రెండు వ్రాతలూ దొరుకుతాయి. ఏది మొదలైతే అదే ఒత్తు కావాలన్న నియమమూ తప్పదు.

ప్రాస కూడా ఈ సూత్రానికి చక్కగా ఒదుగుతుంది. ప్రాస అంటే ఏమిటి? మొదటి పాదంలో రెండవ అక్షరపు హల్లును గుర్తుంచుకొని, తక్కిన పాదాలలో అదే చోట మళ్ళీ అడగడం. అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం 848 నాటిదని చెబుతారు. అందులోని పద్యం తరువోజ. తరువోజకు ప్రాసనియమం కలదు. అంటే రాతి మీద ఉలితో చెక్కిన ఆనాటికే మనవారికి \1 తెలుసు! పత్తి చేను, విత్తనాలు, కొత్త మడక, చిత్తు లెక్క అని నాలుగు పంక్తులు వ్రాసికొని, మొదటి పంక్తికి

^[అ-హ][ా-ౌ]?([క-హ]్[క-హ])

అని చెప్పి, తక్కిన పంక్తులకు ఆ కుండలీకరణం చోట \1 పెడితే నాలుగూ ప్రాసకు నిలుస్తాయి. మొదట ఉన్న ^ గుర్తుకు పంక్తి ఆరంభమని అర్థం. ఇది సంయుక్త, ద్విత్వ ప్రాసలకు మాత్రమే. లకార ళకారాల మైత్రిని లాక్షణికులు ఒప్పుకొన్నారు గాని యంత్రం ఒప్పుకోదు. దానికి మైత్రి తెలియదు, గుర్తింపు మాత్రమే తెలుసు.

ఇప్పుడు ఫైలులో చేసిన పనికి వస్తాను. నిస్సందేహంగా తుడిచివేయదగిన పునరుక్తి ఒక్కటే కనబడింది. తెలుగులో ఒక హల్లుకు ఒకే గుణింతపు గుర్తు. కాబట్టి ([ా-ౌ])\1+ అని వెదికి \1గా మార్చితే రెండేసి పడిన గుర్తులన్నీ ఒకటవుతాయి, ఏ మాటా చెడదు. గుణింతం వెనుకకు చేరిన ఒత్తులకు ([ా-ౌ])(్[క-హ]) అని వెదికి \2\1 అని తారుమారు చేస్తే చాలు. ఆ పాత ఖతులలో 'లి' అంతా ఒకే బొమ్మ. దాని తరువాత ల-ఒత్తు మరొక బొమ్మ. మార్చిన ప్రోగ్రాము ఆ వరుసనే ఉంచేసింది. యూనికోడు వరుసలో ఒత్తు ముందు, గుడి తరువాత. ఈ రెండు సూత్రాలతో కొన్ని వందల చోట్లు చక్కబడ్డాయి.

జంటమాటల దగ్గర మాత్రం చేయి వణికింది. ([^ ]+) \1 అంటే ఒక మాట, ఖాళీ, మళ్ళీ అదే మాట. మామూలు గద్యంలో ఇది టైపు పొరపాటు. తెలుగులో ఇది ఆమ్రేడితం! 'రోజు రోజుకీ', 'గంప గంప', 'సాలు సాలు' అన్నవాటిని ఒకటి చేస్తే అర్థం సగం కాదు, మొత్తం పోతుంది. 'సాలు సాలు కలుపు తీశారు' అంటే ఒక్క సాలు కాదు, ఏ సాలూ మిగలలేదని. ఇంకొక ప్రమాదం చూడండి. మాట ఎక్కడ ముగుస్తుందో చెప్పకుండా అడిగితే 'నా నాగలి' కూడా దీనికి చిక్కుతుంది. నా, ఖాళీ, మళ్ళీ నా! ఒకటి చేస్తే 'నాగలి' మిగులుతుంది. నాగలి ఉంటుంది, దాని మీద హక్కు పోతుంది. అందువల్ల ఈ జంటలను యంత్రం చేత మార్పించలేదు. వరుసగా చూపమన్నాను, ఒక్కొక్కటీ చదివి నేనే నిర్ణయించాను. మూడు రోజులు పట్టింది.

ఆ మూడు రోజులూ వృథా కాలేదు. మాట్లాడే భాషలో పునరుక్తి ఎన్ని రూపాలు దాల్చుతుందో కళ్ళారా చూశాను. 'పొలం గిలం', 'అప్పు గిప్పు', 'కాయ గీయ' వంటివి మాస్టారు ఎన్ని పట్టుకొన్నారో! వీటికీ సూత్రం కుదిరింది:

[అ-హ][ా-ౌ]?([^ ]+) గ[ిీ]\1

మొదటి అక్షరం తీసేసి దాని చోట గి గాని గీ గాని పెట్టు, తక్కినది అట్లాగే ఉంచు. చదువురాని కూలీలు కూడా తప్పకుండా పాటించే ఈ నియమం, హ్రస్వానికి హ్రస్వం, దీర్ఘానికి దీర్ఘం, వారికెవరు నేర్పారు?

ద్విరుక్త టకారం మరీ తమాషా. కడ, నడుమ, చివర, పగలు వంటి కొన్ని మాటలు రెండుసార్లు వచ్చినప్పుడు మొదటిదానిలో తొలి అచ్చు వరకు ఉంచి, తక్కినది తీసివేసి ట్ట పెట్టడం సూరి చెప్పిన విధి. కట్టకడ, నట్టనడుమ, చిట్టచివర, పట్టపగలు అట్లా వచ్చినవే. ప్రోగ్రాములు వ్రాసేవారి పరిభాషలో ఇది అచ్చంగా 'వెదికి మార్చు'. దానిని తిప్పి వెదకడానికి

([క-హ][ా-ౌ]?)ట్ట\1

అని పెట్టగా మొట్టమొదటి మొదలు చిట్టచివర దాకా అన్నీ బయటపడ్డాయి. వాటితో పాటు 'తట్టతో మోశారు'లోని తట్టతో కూడా వచ్చి నిలిచింది! తకారం, ట్ట, మళ్ళీ తకారం. దాని మీది ఓత్వాన్ని యంత్రం వేరే గుర్తుగా లెక్కించి పట్టించుకోలేదు. చివర (?![ా-్]) అని, అంటే 'ఆ పైన గుణింతం గాని పొల్లు గాని ఉండరాదు' అని, నిషేధం చేర్చితే తట్ట తొలగింది. 'అరక కట్టక ముందు'లోని కట్టక మాత్రం ఏ నిషేధానికీ లొంగలేదు. అక్షరాలను బట్టి అది ద్విరుక్త టకారమే. కాదని చెప్పాలంటే అర్థం తెలియాలి.

సంధి జరిగిన ఆమ్రేడితాలలోనూ ఇదే గతి. 'అక్కడక్కడ' దొరుకుతుంది, క్కడ రెండుసార్లున్నది. 'ఇంటింటికీ' దొరుకుతుంది. 'ఏమేమి' దొరకదు. మొదటిదాని ఇకారం లోపించి మే అయింది. పైగా మనకు ఇ, గుడి ఒకటే అచ్చు. యంత్రానికి ఒకటి 3079, మరొకటి 3135. అచ్చు హల్లుతో కలిస్తే రూపం మారుతుంది గాని అచ్చు మారదని ఒకటవ తరగతిలో చెప్పే పాఠం దానికి ఎవరూ చెప్పలేదు.

ఇంతవరకు చెప్పినదంతా వచ్చినదానిని పట్టడం. అసలు చిక్కు రావలసి ఉండి రానిదానిని పట్టడం. కొన్ని పుటలలో ఒత్తులు రాలిపోయాయని చెప్పాను గదా. లేని ద్విత్వాన్ని ఏ పోలికసూత్రమూ చూపలేదు. 'ఉగాదికి ముందే కలం ఊడ్చాలి' అని ఒకచోట ఉన్నది. కలం నిక్షేపమైన తెలుగు మాట. దానిని యంత్రం ఎందుకు శంకిస్తుంది? కలానికీ కల్లానికీ నడుమ ఉన్నది ఒక పొల్లు, ఒక లకారం. ఆ రెండూ జారితే రైతు సంవత్సరమంతా పడిన కష్టం ఎండబోసే చోటు పోయి, నా వంటివాడి జేబులోని వస్తువు మిగిలింది.

దీనికొక ఉపాయం చేశాను. ఆ పుటలలోని మాటలను విడిగా వ్రాసి, ప్రతి మాటలోనూ ఒక్కొక్క హల్లుకు ద్విత్వం ఇచ్చి చూసి, ఆ కొత్త మాట తక్కిన పుస్తకాలలో ఎక్కడైనా ఉన్నదా అని వెదికించాను. మొక-మొక్క, గుల-గుల్ల, గడి-గడ్డి, ఎర-ఎర్ర, వడి-వడ్డి, కలం-కల్లం అని జంటలు బయటపడ్డాయి. 'పురుగు తిని కాయ గుల అయింది' అన్నచోట గుల్ల అని వేయడానికి పాండిత్యం అక్కరలేదు. 'నారు గడి' కాదు మడి అనీ, 'గడి పీకారు' అన్నచోట గడ్డి అనీ వాక్యమే చెబుతుంది. అట్లా ఒక్కటొక్కటిగా దాదాపు అన్నీ తేలినవి.

తేలనిది ఒకటి మిగిలింది. చెదలు తిన్న పుస్తకంలోనిది. ఫైలులో 'కొన విత్తనం' అని ఉన్నది. అర్థం ఉండవలసిన చోట 'చూ. విత్తనం' అని మాత్రమే ఉన్నది. ఆ ఊరికి వెళ్ళి పత్తి తీతకు పోయే ఒక ముసలమ్మను అడిగాను. "కొన ఇత్తనమేంది పంతులుగారూ? కొన్న ఇత్తనమయ్యుంటది. మా అత్త దినాల్లో ఇంట్లో గింజే చల్లేవాళ్ళం. ఇంటిది వేరు, కొన్నది వేరు. ఇప్పుడు ఇంటిదెక్కడుంది, అన్నీ కొన్నయ్యేగా" అన్నది. ఆ ఊరి రైతొకాయన మాత్రం, మిరపచెట్టు కొసన కాసిన కాయ గింజను కూడా అట్లా అనవచ్చునన్నాడు.

ముసలమ్మ మాటే నిజమైతే ఆ చిన్న నకారపు ఒత్తు కింద ఒక చరిత్ర ఉన్నది. మనదేశంలో మొదటి హైబ్రిడ్ పత్తి 1970లో గుజరాత్‌లో వచ్చింది. బీటీ పత్తికి 2002లో అనుమతి లభించింది. హైబ్రిడ్ గింజను దాచి మరుసటి ఏడు చల్లితే తల్లి గుణం నిలువదు; ఏటేటా కొనవలసిందే. ఇంట్లో విత్తనం ఉన్న రోజులలోనే 'కొన్న విత్తనం' అని వేరుగా చెప్పే అవసరం ఉంటుంది. అందరిదీ కొన్నదే అయినాక ఆ విశేషణం దానంతట అదే రాలిపోతుంది. అంటే ఆ మాట రెండు కాలాలూ కలిసిన ఒక సందులో మాత్రమే బ్రదికింది. మాస్టారు సరిగా ఆ సందులోనే దానిని పట్టుకొన్నారన్న మాట. ఇప్పుడది ఒక ఒత్తు మీద ఆధారపడి ఉన్నది.

అమ్మాయికి రెండు పాఠాలూ చెప్పాను. "నాన్న ఏది వ్రాశారో మీరే తేల్చండి బాబాయిగారూ" అన్నది. ప్రాచీన గ్రంథాలను పరిష్కరించిన పెద్దలు మనకొక మర్యాద నేర్పి వెళ్ళారు. ప్రతిలో ఉన్నది ఉన్నట్టు మూలంలో ఉంచాలి. తనకు తోచినది అడుగున వ్రాయాలి. లెక్కల మాస్టారి మాటకు తిక్కన పద్యానికిచ్చే మర్యాదే ఇచ్చాను. పైన 'కొన విత్తనం', అడుగున ఇద్దరూ చెప్పిన రెండర్థాలు, అవి విన్న ఊరి పేరు. పుస్తకం అచ్చుకు వెళ్ళింది.

గుంటూరు, ఒంగోలు ప్రాంతాల పల్లెలతో సంబంధమున్న బ్లాగ్మిత్రులు, 'కొన విత్తనం' గాని 'కొన్న విత్తనం' గాని మీ పెద్దల నోట విని ఉంటే, ఏ ఊరిలో విన్నారో ఇక్కడ వ్యాఖ్యగా వ్రాయవలసిందిగా ప్రార్థన. రెండవ ముద్రణ అంటూ వస్తే ఒత్తు ఉండాలో వద్దో అప్పుడు తేల్చుకొందాము.